ఐదు మీటర్ల దూరం

“అక్కడే ఆగు! ఐదు మీటర్లు!”

ఆలిస్ వాళ్లింట్లో పరవడానికి జంఖానా చుట్ట భుజాన మోసుకొచ్చిన రిచర్డ్ గుమ్మంలోనే ఆగిపోయాడు. నెల తర్వాత కనబడ్డ అమ్మాయి అనాల్సిన మొదటి మాటేనా ఇది?

“ఏందీ? నాకేమన్న రోగముందా?”

“రూల్,” అంది ఆలిస్ నవ్వాపుకుంటూ. “అంటార్కిటికాల పెంగ్విన్ దగ్గరికి మనం పోవద్దు. ఐదు మీటర్ల అవతల కదలకుండ ఉండాలె. దానికి రావాలనిపిస్తే అదే వస్తది.”

“అయితే నేను పెంగ్విన్‌నా?”

“కాదు. పెంగ్విన్ నేను.”

అనేసి లోపలికి వెళ్లిపోయింది. రిచర్డ్‌కు నవ్వాలో ఏడవాలో అర్థం కాలేదు.

కాలేజీలో జువాలజీ చెప్పే ఆలిస్‌ను ఓ టూర్ కంపెనీ అంటార్కిటికా ఓడలో మనవాళ్ల గ్రూపుకు పక్షుల్నీ తిమింగలాల్నీ చూపించే గైడ్‌గా తీసుకెళ్లింది. బయల్దేరే ముందు మోండా మార్కెట్‌లో, కూరగాయల బేరాల మధ్య, రిచర్డ్ ధైర్యం చేసి అడిగేశాడు. “నన్ను చేసుకుంటవా?”

“వచ్చినంక చెప్త,” అంది.

ఇంకేం మాట్లాడాలో తెలియక, ఓడలో కడుపు తిప్పితే నమలమని సోంపు పొట్లం కొనిచ్చాడు మహానుభావుడు. ఆ తర్వాత ఆర్కుట్‌లో ఆమె నుంచి ఒక్క స్క్రాప్ మెసేజీ లేదు. పాపం, అన్నం సహించక సగమయ్యాడు.

ఇప్పుడొచ్చి ఐదు మీటర్లంటోంది. కాదని చెప్పడానికి ఇంతకన్నా మర్యాదైన పద్ధతి ఉండదని అతనికి ఖాయమైపోయింది.

సాయంత్రం ఆలిస్ వాళ్లింట్లోనే కృతజ్ఞత కూడిక. క్షేమంగా తిరిగొచ్చినవాళ్లు నిలబడి, దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పాలి. మల్కాజ్‌గిరిలోని ఆ ఇంటి చిన్న హాల్లో ఆడవాళ్లు ఒకవైపు, మగవాళ్లు ఒకవైపు కూర్చున్నారు. రిచర్డ్ మాత్రం పారిపోవడానికి వీలుగా తలుపు పక్కన సర్దుకున్నాడు.

ఆలిస్ లేచింది. తిమింగలం ఊపిరి వదిలితే ఓడంతా కొట్టిన చేపల కంపు గురించి చెప్పింది. గూటి కోసం పెంగ్విన్లు పక్కవాళ్ల గులకరాళ్లు కాజేయడం చెబితే పాస్టరు యెషయాగారు కూడా నవ్వారు.

“ఒడ్డుకు దిగేముందు బట్టలన్నీ చెక్ చేస్తరు. బయటి విత్తనం ఒక్కటి సుత అక్కడ పడొద్దు. నా కోటు జేబుల సోంపు మర్చిపోయిన. జేబుకు వాక్యూమ్ పెట్టి గింజ గింజ పీకిన్రు. గైడే గిట్ల చేస్తే ఎట్ల అని అందరి ముందు నా పరువు తీసిన్రు.”

రిచర్డ్ తల దించుకున్నాడు. అమ్మాయి ఉద్యోగానికే ఎసరు పెట్టాడన్నమాట.

“ఎవరిచ్చిన్రని అడిగిన్రు. ఫ్రెండ్ అందామని నోరు తెరిచిన. ‘నేను చేసుకోబోయేటాయన’ అని వచ్చింది.” ఆలిస్ తలుపు వైపు చూసింది. “అప్పటిదాక నాకే తెల్వది. దేవునికి స్తోత్రం.”



“ఆమేన్!” అంది తలుపు పక్కనుంచి ఒకే ఒక్క గొంతు, అవసరానికి మించి గట్టిగా.

అందరూ తిరిగి చూశారు. ఆలిస్ తల్లి ప్రేమమణి కళ్లజోడు సర్దుకుంది.

“సోంపు నువ్వేనా?”

“నేనే ఆంటీ. తప్పయింది.”

“ఏది తప్పు? సోంపా, నా బిడ్డా?”

“సోంపు ఆంటీ! సోంపే!”

ప్రేమమణి నవ్వేసింది. “ఆ మంచులనే ఉండిపోతదేమో అని నెల సంది పరేషానైన. ఇగ ఈడనే ఉంటది, బతికిన. పాస్టరుగారూ, వీళ్లిద్దరి కోసం సుత ప్రార్థన చేయుండ్రి.”

రిచర్డ్ ఆత్రంగా లేవబోయాడు. ఆలిస్ అరచెయ్యి చూపించింది. బుద్ధిగా కూర్చుండిపోయాడు.

ఆమె ఆడవాళ్ల వైపు నుంచి హాలు దాటి, అందరూ చూస్తుండగానే వచ్చి అతని పక్కన కూర్చుంది.

“పెంగ్విన్ వచ్చింది,” అంది మెల్లగా.

“జెర జల్ది రావద్దా? పానం పోయింది నాకు,” అన్నాడు రిచర్డ్. నెల తర్వాత అతనికి హాయిగా ఊపిరాడింది.

పాస్టరుగారు అందర్నీ కళ్లు మూసుకోమన్నారు. రిచర్డ్ ఒక్క కన్నే మూశాడు.