పుచ్చుకోవడం రాని అత్తగారు

కోడలు జంగ్‌హ్వా కళ్ళు మూసుకునేటప్పటికి నాచు సూప్ పొగలు కక్కుతోంది. కళ్ళు తెరిచేసరికి ఆ పొగ సగానికి తగ్గింది. రోజూ పొద్దున్నే ఈ తతంగం చూసి వోల్సన్‌కి ఒళ్ళు మండేది.

"మీ దేవుడికి చెవుడేమిటే? గిన్నెడు సూప్ తాగడానికి అంతసేపు బతిమాలాలా?" అంది చెంచా అందుకుంటూ.

"ఆయనకి బాగానే వినపడుతుంది అత్తయ్యా. నాకే ఆలస్యం."

"ఏం అడుగుతావే అంతసేపు?"

జంగ్‌హ్వా నవ్వింది. కాల్చిన చేపలో ముల్లు తీసి, ఆ ముక్కని అత్తగారి బార్లీ అన్నం మీద పెట్టింది. వోల్సన్ దాన్ని కొడుకు గిన్నెలోకి నెట్టేసింది. సంగ్‌పిల్ కిక్కురుమనకుండా తినేశాడు. ఇద్దరు ఆడవాళ్ళ మధ్య కూర్చుని భోంచేయడం అతను కష్టపడి నేర్చుకున్న విద్య. తల ఎత్తకపోవడమే అందులో కీలకం.

"చూడూ, నేను సముద్రపు రాజుగారికి ఏటా గింజలు చల్లుతాను. ఆయన నన్ను క్షేమంగా పైకి పంపుతాడు. ఇచ్చాను, పుచ్చుకున్నాను, సరిపోయింది. మీ యేసు ఏం పుచ్చుకుంటాడు?"

"ఏమీ అడగడు అత్తయ్యా. ఉన్నపళంగా రమ్మంటాడు."

"ఏమీ అడగనివాణ్ణి అస్సలు నమ్మకూడదు. చేపల బజార్లో అలాంటివాళ్ళని బోలెడుమందిని చూశాను."

సంగ్‌పిల్‌కి నవ్వొచ్చి సూప్ గొంతుకి అడ్డం పడింది. వోల్సన్ మాత్రం నవ్వలేదు. ఆ రోజు ఆమెకి నవ్వే ఓపిక లేదు.

ఎనభైకి దగ్గరపడినా వోల్సన్ సముద్రంలో మునిగి గుల్లలు తెచ్చే మనిషి. జేజూ ద్వీపపు ఒడ్డున ఆమెలాంటి ఆడవాళ్ళు ఊపిరి బిగబట్టి అడుగుకి వెళ్ళి, రాళ్ళకి అంటుకున్న గుల్లల్ని పెకలించి, పైకొచ్చి ఈల వేసినట్టు ఊపిరి వదులుతారు. మొగుడెక్కిన పడవ ఓ శీతకాలం తిరిగి రాలేదు. అప్పటినుంచీ ఆ ఊపిరితోనే ఆమె పిల్లల్ని పెంచింది, ఇల్లు కట్టింది, కమలాల తోట కొంది. ఎవరి ముందూ చెయ్యి చాచలేదు. ఆ మాట ఆమె చెప్పుకోవడానికి సందర్భంతో పనిలేదు, ఎదురుగా మనిషంటూ ఉంటే చాలు.

అలాంటి మనిషిని నిన్న తోటి ఆడవాళ్ళంతా కలిసి లోతునీళ్ళలోకి రావద్దన్నారు. ఇకనుంచీ అమ్మమ్మల నీళ్ళకి వెళ్ళమన్నారు. ఒడ్డు పక్కనే లోతు తక్కువగా ఉండే చోటది. వయసులో ఉన్నవాళ్ళెవరూ అక్కడ ఒక్క గుల్ల కూడా ముట్టుకోరు, అది ముసలివాళ్ళ కోసం వదిలేసిన చోటు. వోల్సన్ కూడా తన కాలంలో అలాగే వదిలింది. కానీ వదలడం వేరు, తానే వెళ్ళి అందులో దిగడం వేరు.

*

ఆ మధ్యాహ్నం వోల్సన్ అమ్మమ్మల నీళ్ళలో దిగింది. దిగిందన్న మాటే గానీ, మోకాళ్ళు ఇసుకకి తగులుతుంటే ఆమెకి తల కొట్టేసినట్టయింది. దూరంగా లోతునీళ్ళలో తోటివాళ్ళ ఈలలు వినిపిస్తున్నాయి. అటు చూస్తూ, ఇటు వెతకడం మానేసి, చివరికి నాలుగు చిన్న గుల్లలతో ఒడ్డుకొచ్చింది.

అందరూ చలికాచుకునే రాతిగోడల మధ్య మంట వేసి ఉంది. ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి సంచులు దించుకుంటున్నారు. పెద్దరికం చేసే మాల్‌సూన్ ముందుగా లేచి, తన సంచిలోంచి దోసెడు గుల్లలు తీసి వోల్సన్ సంచిలో వేసింది. వెనకే ఇంకొకామె ఓ ఆక్టోపస్ వేసింది. ఈ మధ్యే పనిలో చేరిన అమ్మాయి తనకి దొరికిన ఒకే ఒక్క పెద్ద గుల్లని రెండు చేతులతో తెచ్చి వేసింది. ఆఖరున, వాళ్ళతోపాటే మునిగే కోడలు జంగ్‌హ్వా వేసింది. సంచి ఖాళీగా వచ్చిన మనిషికి అలా తలా కాస్త వెయ్యడం అక్కడి ఆడవాళ్ళ పద్ధతి. అడగరు, చెప్పుకోరు. వోల్సన్ కూడా ఎంతమంది సంచుల్లో అలా వేసిందో లెక్కలేదు.

ఆమె లేచి నిలబడి సంచిని తలకిందులు చేసింది.

గుల్లలు నల్లరాళ్ళ మీద టపటపా పడి దొర్లాయి. ఆక్టోపస్ ఓ రాతి సందులోకి జరుగుతుంటే ఎవరూ దాన్ని ఆపలేదు. కొత్తమ్మాయి ముఖం ఎర్రబడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"అదేం పని అక్కా? మా అమ్మకి చూపు ఆనకపోతే ఆమె సంచిలో నువ్వు వెయ్యలేదూ? ఆమె పుచ్చుకుంది. అంటే మా అమ్మ ముష్టిదనా నీ లెక్క?" అంది మాల్‌సూన్.

వోల్సన్ ఖాళీ సంచిని మడవసాగింది.

"నీ కోడలు చెప్పబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఈపాటికి నీకు సమాధి తవ్వేవాళ్ళం."

వోల్సన్ చప్పున కోడలి వైపు చూసింది. జంగ్‌హ్వా వంగి, రాళ్ళ మీద పడ్డ గుల్లలు ఏరుతోంది.

*

జంగ్‌హ్వా ఇల్లు చేరేసరికి వోల్సన్ పెరట్లో కాచుకుని ఉంది. నీళ్ళతొట్టి దగ్గర రబ్బరు దుస్తులు కడగడానికి కోడలు ఇంకా కూర్చోనైనా లేదు.

"నా మీద చాడీలు చెప్పింది నువ్వా?"

"నేనే అత్తయ్యా."

"ఎంత ధైర్యమే నీకు! నా ఇంట్లో తింటూ, నన్ను సముద్రంలోంచి గెంటిస్తావా?"

"పోయిన వారం మీరు పైకొచ్చి, నీళ్ళ మీద తేలే బెండు పట్టుకోకుండా దాని పక్కనుంచి మళ్ళీ లోపలికి జారిపోయారు. పెదాలు నీలంగా అయిపోయాయి. మీకది గుర్తైనా లేదు."

వోల్సన్‌కి నిజంగానే గుర్తులేదు. ఎవరివో చేతులు చంకల కింద పట్టుకోవడం, తర్వాత ఒడ్డున దగ్గడం, అంతే గుర్తు. కళ్ళు తిరిగాయని సరిపెట్టుకుంది.

"అయితే ఏం? పోతే నా ఊపిరి పోయేది. ఒకరిది అరువు తెచ్చుకోలేదు. మీ చర్చిలో నేర్పే మాటలు నా దగ్గర చెప్పకు. పాపులం, పాపులం అని ఏడుస్తారే, నేను దొంగతనం చేశానా? ఒకరి కడుపు కొట్టానా? నా కోసం ఎవరో సిలువెక్కి చచ్చిపోవాల్సినంత తప్పు నేనేం చేశానే?"

జంగ్‌హ్వా చేతిలోని దుస్తుల్ని తొట్టిలో వదిలేసింది.

"మీ సంగతి నేను చెప్పను అత్తయ్యా. నా సంగతి చెబుతాను. ఆ రోజు మీరు జారిపోతుంటే చూశాను. వెంటనే ఈదలేదు. ఒక్క క్షణం ఆగాను. పోతే పోనీ అనిపించింది."

వోల్సన్ గోడకి చెయ్యి ఆనించింది.

"తర్వాతే ఈదాను. మిమ్మల్ని పైకి లాగాను. కానీ ఆ క్షణం ఉంది కదా, అది నాదే. చర్చిలో ముందు వరసలో కూర్చునేదాన్ని. వంటశాలలో అందరికంటే ఎక్కువ గిన్నెలు తోమేదాన్ని. అందరూ నన్ను బంగారం అంటారు. ఆ బంగారంలో ఏముందో ఆ క్షణాన నాకే కనపడింది. మంచిపనులతో ఆ మకిలి వదిలేదైతే ఎప్పుడో వదిలేది అత్తయ్యా. వదల్లేదు. నా మనసుని నేను బాగుచేసుకోలేను. అందుకే నాకు యేసయ్య కావాలి. నేను మంచిదాన్నని కాదు, కాననే."

"ఎందుకే... ఎందుకే నా మీద అంత పగ?"

అడిగిందే గానీ, మాట పూర్తయ్యేలోపే వోల్సన్‌కి జవాబు తెలిసిపోయింది.

జంగ్‌హ్వా ఆ ఇంటికొచ్చిన కొత్తల్లో, కడుపుతో ఉన్నప్పుడు, నాచు కోసే రోజులవి. గాలి కత్తిలా కోస్తోంది. నడుం లాగేస్తోంది అత్తయ్యా, ఇవాళ ఉండిపోతాను అంది పిల్ల. "మేం నొప్పులొచ్చేదాకా మునిగినవాళ్ళం. ఈ నాజూకులు నా దగ్గర సాగవు" అంది వోల్సన్. ఆ సాయంత్రమే కడుపు పోయింది. మర్నాడు సూప్ గిన్నె పక్కన పెట్టి, "ఇంకోటి పుడుతుందిలే" అంది. ఇంకోటి పుట్టలేదు. ఆ తర్వాత ఆ ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తలేదు. ఎత్తకపోతే పోయినట్టేనని వోల్సన్ నమ్మింది. దొంగతనం చెయ్యలేదు, ఒకరి కడుపు కొట్టలేదు అని ఇప్పుడే కదా పెద్దగొంతుతో అరిచింది!

ఆమె ఇంటి గడప మీద కూలబడింది.

"ఇన్నాళ్ళూ ఒక్క మాటైనా అనలేదేమే?"

"అంటే ఏం చేసేవాళ్ళు? అయినా రోజూ అంటూనే ఉన్నాను, మీతో కాదు. సూప్ చల్లారుతోందని కసురుతారే, అప్పుడు నేను అడిగేది అదే. ఈ రోజుకి అత్తయ్యని క్షమించే మనసివ్వు ప్రభువా అని. ఒక్కోరోజు తొందరగా ఇస్తాడు. ఒక్కోరోజు సూప్ చల్లారిపోతుంది."

వోల్సన్ జీవితంలో ఎవరికీ బాకీ ఉంచుకోని మనిషి. దీనికి బదులుగా ఏం ఇవ్వాలో ఆమె మనసు అప్పుడే వెతకడం మొదలుపెట్టింది. తోటనా? వేలికున్న పచ్చరాయి ఉంగరమా? ఆ సముద్రాన్నంతా గాలించి తెచ్చి కుప్పపోసినా పుట్టకుండానే పోయిన ఆ ఒక్క ఊపిరికి సాటి రాదు.

"ఏం ఇవ్వనే నీకు? ఏమిస్తే తీరుతుంది ఇది?"

"ఏమిచ్చినా తీరదు అత్తయ్యా. ఏమీ వద్దు."

"ఊరికే ఎలా పుచ్చుకోనే?"

"అలాగే పుచ్చుకోవాలి. నేనూ అలాగే పుచ్చుకున్నాను. మిమ్మల్ని పోనీ అనుకున్న మనిషిని నేను. నన్నే కాదనలేదు ఆయన. కృపంటే అదేనట."

వోల్సన్ తన అరచేతుల వైపు చూసుకుంది. ఉప్పునీళ్ళకి పగిలి గట్టిపడ్డ చేతులు. వాటితో పెకలించడం తెలుసు, పెట్టడం తెలుసు. చాచడమే తెలీదు. మధ్యాహ్నం ఒడ్డున రాళ్ళ మీద దొర్లిన గుల్లలు, ఆ కొత్తమ్మాయి కళ్ళు గుర్తొచ్చి ఆమెకి సిగ్గేసింది.

"రేపు మాల్‌సూన్‌కి నా మొహం ఎలా చూపించను?"

"నాతో రండి. ఇద్దరం కలిసే వెళదాం."

వోల్సన్ గడప మీద కాస్త పక్కకి జరిగి చోటిచ్చింది.

"ఆయనతో ఎలా మాట్లాడాలి? మీ పాస్టరుగారిలా నాకు పెద్దపెద్ద మాటలు రావు."

"నాతో మాట్లాడినట్టే మాట్లాడండి. కసరకుండా."

అంత బాధలోనూ ఇద్దరికీ కొంచెం నవ్వొచ్చింది. జంగ్‌హ్వా చేతులు తుడుచుకుని వచ్చి, గడప మీద ఆమె పక్కన కూర్చుంది. వోల్సన్ కళ్ళు మూసుకుంది. మునిగేముందు ఊపిరి పీల్చినట్టు గట్టిగా ఓసారి పీల్చి వదిలింది.

"యేసయ్యా... నేను వోల్సన్‌ని. నాకు అడగడం రాదు, ఎవర్నీ అడగలేదు. ఈ పిల్లకి నేను చేసిందాన్ని బాగుచెయ్యడం నా వల్ల కాదు. దాన్ని నువ్వే చూసుకో. నా బదులు నువ్వు చచ్చిపోయావని ఇది రోజూ చెబుతుంది. నాకెందుకులే అనుకున్నాను. నాకే కావాలి. నన్ను క్షమించు..."

ఆమె ఆగింది. మళ్ళీ ఓసారి ఊపిరి పీల్చింది.

"ఆ బిడ్డ నీ దగ్గరే ఉందిగా? వాళ్ళ నానమ్మ తప్పు చేసిందని చెప్పు. దాన్ని ఒక్కసారైనా తలుచుకోనందుకు ఏడుస్తోందని చెప్పు."

జంగ్‌హ్వా అత్తగారి ఒళ్ళో తల పెట్టి వెక్కివెక్కి ఏడుస్తోంది. ఆ ఇంట్లో ఎవరూ ఆ బిడ్డని బిడ్డ అనడం ఆమె ఇంతవరకూ వినలేదు. వోల్సన్ పగిలిన చేతులతో ఆ తల నిమురుతూ, ప్రార్థన ఎలా ముగించాలో కూడా మర్చిపోయి కూర్చుంది.

తోటలోంచి ఎప్పుడొచ్చాడో, గోడ పక్కన సంగ్‌పిల్ నిలబడి ఉన్నాడు. చర్చి గడప ఎన్నడూ తొక్కనివాడు, ఆ బిడ్డకి తండ్రి. టోపీ తీసి గుండెకి ఆనించుకుని, కన్నీళ్ళు తుడుచుకోకుండానే, వాళ్ళిద్దరి తరఫునా తనే ఆమెన్ అన్నాడు.