ఖాళీ పటం

హాంకాంగులోని షామ్ షుయ్ పో పేటలో, ఇస్త్రీ దుకాణం పైన ఉన్న చిన్న గది యిప్ సౌహాన్ డిటెక్టివ్ ఆఫీసు. ఆ మధ్యాహ్నం ఒకావిడ తడిసిన గొడుగు మూయడం కూడా మరిచిపోయి లోపలికి దూసుకొచ్చింది.

"అక్కా, నా కూతురి చావు ఫోటో ఎవరో ఎత్తుకుపోయారు!"

సౌహాన్ సహాయకుడు మాక్ టీ కప్పు కింద పెట్టేశాడు. ఒకప్పుడు మినీబస్సు నడిపిన మనిషి, మెత్తటి మనసు. "అయ్యో! పాప ఎప్పుడు పోయిందమ్మా?"

"ఛీ ఛీ! ఆ మాట వెనక్కి తీసుకో. నా పిల్ల నిక్షేపంగా ఉంది. సినిమాలో పోయింది."

ఆవిడ పేరు ఫంగ్ వైలన్. కూతురు జియన్‌కు పదకొండేళ్ళు. ఒకప్పుడు హాంకాంగును వణికించిన దయ్యం సినిమాను ఒక అమెరికా కంపెనీ ఇంగ్లీషులో మళ్ళీ తీస్తోంది. షూటింగ్ ఇక్కడే, క్వున్ టాంగ్‌లోని ఒక పాత గోడౌనులో. అందులో చనిపోయిన చెల్లెలి వేషం జియన్‌ది. సెట్లో పూజపీట మీద నల్లచట్రంలో ఆమె ఫోటో ఉంటుంది.

"బతికున్న మనిషి ఫోటోని అలా పెడితే కీడు తగలకుండా, కెమెరా ఆగగానే దానిమీద ఎర్రకాగితం అంటించాలా వద్దా? చివర్న ఆ మనిషే తన చేత్తో చింపేయాలా వద్దా?" అంది వైలన్. "ఆ డైరెక్టరు దొర ఎర్రకాగితం పీకి పారేశాడక్కా. నిన్నటికి ఫోటోయే మాయం. ఎవడి చేతిలో ఉందో, ఏ మంత్రగాడికిచ్చారో! పిల్ల అన్నం ముట్టడం లేదు. 'అమ్మా, ఫోటో పోయాక నేను ఉన్నట్టేనా' అని అడుగుతోంది. నేనేం చెప్పను?"

జ్వరం లేదు, దెబ్బ లేదు. అయినా కన్నకడుపు ఊరుకుంటుందా? పళ్ళెంలో మెతుకులు అలాగే మిగిలిపోతుంటే తల్లికి లోకంలో ఉన్న రోగాలన్నీ గుర్తుకొస్తాయి.

"ఎవరి మీదైనా అనుమానమా?" సౌహాన్ అడిగింది.

"మేకప్ చేసే లో బిక్వా మీద. పాత సినిమాలో నా పిల్ల వేషం వేసింది ఆవిడే. ఇప్పుడు రంగులు పూసుకుంటూ బతుకుతోంది. కడుపుమంట ఉండదూ? రోజూ నా పిల్ల మొహం ఏవో ఆకుల నీళ్ళతో కడుగుతోందట, నాకు చెప్పకుండా!"

సౌహాన్ లేచి చెప్పులు వేసుకుంది. "మాక్, బండి తియ్యి."

గోడౌనులో షూటింగు ఆగిపోయి ఉంది. పూజపీట మీద చట్రం ఖాళీగా నిలబడి ఉంది. సౌహాన్ దాన్ని తిప్పి చూసింది. వెనక అట్టను తీసి, మేకులను మళ్ళీ జాగ్రత్తగా వంచి పెట్టారు. ముందు అద్దాన్ని ఎవరో శుభ్రంగా తుడిచారు కూడా.

సామాన్లు చూసుకునే ముసలాయన క్వాయ్ ఒక పెట్టె మీద కూలబడి ఉన్నాడు. సెట్టు తాళంచెవి ఆయన దగ్గర ఉంటుంది కాబట్టి, మేనేజరు ఆయన్ని రేపటినుంచి రావద్దన్నాడు.

"ఇంకో తాళంచెవి ఎవరి దగ్గరుంది బాబాయ్?"

"దొర దగ్గర, బిక్వా దగ్గర. కానీ దొంగని నేనే! దొరలు దొంగలవుతారా?" అని ఆయన చేతులు విసిరాడు. "మన దయ్యాన్ని పట్టుకుపోతాడట, దాని మర్యాద మాత్రం అక్కర్లేదట. ఆ మనిషికి అన్నీ సందేహాలే తల్లీ. మొన్న వెనక గల్లీలో ఒకావిడ చచ్చిపోయిన మొగుడికి కాగితపు చొక్కాలు కాలుస్తుంటే, ఎందుకని నన్నడిగాడు. కాలిస్తే ఎవరిది వాళ్ళకి చేరుతుందన్నాను. నాకొచ్చిన ఇంగ్లీషు అంతే!"

మేకప్ గదిలో బిక్వా బేసినులో పంపరపనస ఆకులు నానుతున్నాయి. వైలన్ వాటిని చూడగానే గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఇవేనా నీ మందులు?"

"చావు వేషం కడిగేసి పిల్లని ఇంటికి పంపొద్దా వదినా?" బిక్వా నొచ్చుకుంది. "మా అమ్మ నాకు చేసింది, నేను నీ కూతురికి చేస్తున్నా. నీకు చెబితే హడలిపోతావని చెప్పలేదు. ఇప్పుడు చూడు, ఎంత నిబ్బరంగా ఉన్నావో!"

మాక్ నవ్వు ఆపుకోవడానికి గోడవైపు తిరిగాడు.

డైరెక్టరు హాల్డెన్ పొడవాటి మనిషి, కళ్ళకింద నలుపు. అతని ఇంగ్లీషును సౌహాన్ అక్కడున్న వాళ్ళకు తమ భాషలో చెప్పింది.

"చిన్నప్పుడు ఆ సినిమాని దుప్పట్లో దూరి చూశాను. ఒక్క వస్తువు కూడా మారకూడదని నా పట్టుదల," అన్నాడు.

"మరి ఎర్రకాగితం?"

"అద్దం మీద జిగురు మరకలు కెమెరాలో పడుతున్నాయి. అందుకని పీకేశాను." కళ్ళు నులుముకుని, "పాప ఏడ్చిందని తర్వాత తెలిసింది. నాకూ అదే వయసు కూతురుంది," అని తల దించుకున్నాడు.

సౌహాన్ మాక్‌ను తీసుకుని వెనక గల్లీలోకి నడిచింది. చుట్టుపక్కల వాళ్ళు పోయినవాళ్ళకు కాగితాలు కాల్చే తుప్పు డబ్బా గోడవార ఉంది. ఆమె పుల్లతో బూడిదను కదిపింది. మెత్తటి బూడిద మధ్య మందమైన, మెరిసే ముక్క ఒకటి పైకొచ్చింది. కాలగా మిగిలిన మూలలో ఒక చిన్న చెవి, జడకు కట్టిన రిబ్బను.

మాక్ ముఖం పాలిపోయింది. "కాల్చేశారా! బతికున్న పిల్లని అటువైపుకి పంపేసినట్టే కదక్కా! ఇది పగవాడి పనే."

"డబ్బా పక్కన చూడు."

రేపరు విప్పని చాక్లెట్టు, చిన్న గ్లాసులో ఒక తెల్ల చామంతి. అగరొత్తి పుల్ల ఒక్కటి కూడా లేదు.

"పగవాడు చాక్లెట్టు పెడతాడా మాక్?"

మాక్ ఆమెవైపు ఆరాధనగా చూశాడు. అంతలోనే గుబులుపడ్డాడు. "ఆ తల్లికి మాత్రం చెప్పకక్కా. గుండె ఆగిపోతుంది."

"చెప్పకపోతే జన్మంతా ఆ ఫోటో ఎవడి చేతిలో ఉందోనని చస్తూ బతుకుతుంది. చెప్పాల్సిందే."

అందరినీ సెట్లోని పూజపీట ముందుకు పిలిచింది. జియన్ తన తల్లి కోటు అంచును కొంగులా పట్టుకుని నిలబడింది.

"తాళంచెవులు ముగ్గురి దగ్గరున్నాయి," అంది సౌహాన్. "తీసిన మనిషి చట్రాన్ని మళ్ళీ బిగించాడు, అద్దం తుడిచాడు. అంటే ఈ సెట్టు మీద ప్రేమ ఉంది, పాప మీద పగ లేదు. ఫోటోని వెనక గల్లీలో కాల్చేశాడు."

వైలన్ కూతురి తలను రెండు చేతులతో పొట్టకు అదుముకుంది.

"క్వాయ్ బాబాయికి, బిక్వాకి కాల్చడమంటే ఏమిటో తెలుసు. కీడు తలపెడితే తప్ప వాళ్ళు ఆ పని చెయ్యరు. కీడు తలపెట్టిన మనిషి చాక్లెట్టు పెట్టడు. అగరొత్తి లేకుండా, రేపరు విప్పకుండా అక్కడ పెట్టినవాడు మనల్ని దూరంనుంచి చూసి నేర్చుకున్నాడు. 'కాలిస్తే ఎవరిది వాళ్ళకి చేరుతుంది' అన్న మాట విన్నాడు. పాప ఫోటో పాపకి చేరిపోతుంది, పీడ వదిలిపోతుంది అనుకున్నాడు. అంతేనా హాల్డెన్‌గారూ?"

అతను తలూపాడు. "మంచే చేస్తున్నాననుకున్నాను. తెల్లారి అందరూ అరుస్తుంటే, నేను చేసింది ఎంత ఘోరమో అర్థమైంది. నోరు పెగల్లేదు. తల్లి పాపని తీసుకెళ్ళిపోతుందని భయం. క్వాయ్‌గారిని పంపేస్తామంటే కూడా ఊరుకున్నాను. అది మాత్రం తెలియక చేసింది కాదు." వెళ్ళి ముసలాయన ముందు నడుము వంచి నిలబడ్డాడు.

"సర్లే, లే," అని గొణిగాడు క్వాయ్. "నీ మేనేజరుతో కూడా ఆ ముక్క చెప్పు."

వైలన్ మాత్రం కూతురిని వదల్లేదు. "మీ క్షమాపణలు మీరు చెప్పుకోండి! పంపేశాడుగా నా పిల్లని! ఇప్పుడెలా?"

"ఎలాగేమిటి వదినా?" బిక్వా ముందుకొచ్చింది. "పిల్ల జడుసుకుంటే ఏం చేస్తాం? పేరు పెట్టి ప్రాణాన్ని వెనక్కి పిలుస్తాం. దాని చొక్కా తీసుకురా."

సాయంత్రం వాన వెలిసింది. అందరూ గల్లీలో నిలబడ్డారు. వైలన్ కూతురి చొక్కాను గాలిలో ఊపుతూ పిలవబోయింది. పేరు సగంలోనే ఏడుపు ముంచుకొచ్చి, ఆ చొక్కాలోనే మొహం దాచుకుంది.

"పంపిన మనిషినే పిలవమను," అంది సౌహాన్.

హాల్డెన్ చొక్కా అందుకున్నాడు. బిక్వా చెప్పిన మాటలను ఒక్కొక్కటిగా కూడబలుక్కున్నాడు. తర్వాత గొంతెత్తి, "ఫంగ్ జియన్! ఇంటికి రా!" అని అరిచాడు. వాళ్ళ భాషలో రాగం మారితే మాటకు అర్థమే మారిపోతుంది; ఇతని రాగం మొత్తం తలకిందులైంది. పై అంతస్తు కిటికీలోంచి ఒక ముసలమ్మ తొంగిచూసింది.

జియన్ కోటు చాటునుంచి తల బయటపెట్టింది. "అమ్మా, ఈయన గొర్రెని పిలుస్తున్నాడు."

"మళ్ళీ పిలువు దొరా! గొర్రెలొస్తున్నాయి!" అని అరిచాడు క్వాయ్.

అతను మళ్ళీ పిలిచాడు. చెమటలు కక్కుతూ, చొక్కా ఊపుతూ పిలుస్తూనే ఉన్నాడు. జియన్‌కు ముందు చిరునవ్వు వచ్చింది, తర్వాత పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ నవ్వు మధ్యనే జవాబిచ్చింది.

"వచ్చేశా! వచ్చేశా! ఇక అరవకండి. అమ్మా, ఆకలేస్తోంది."

వైలన్ చొక్కా లాక్కుని కూతురి భుజాల చుట్టూ కప్పింది. గట్టిగా హత్తుకుంది. అయినా ఎందుకైనా మంచిదని, నుదురు మీద చెయ్యి వేసి చూసింది.