నలభై నిమిషాల సాక్షి

"ఇంకా పది నిమిషాలు ఈడే కూర్చోవాలమ్మా. ఫోను ఇంకా నమ్మలే," అన్నాడు ఉదయ్ కుమార్, వీలైనంత గంభీరంగా ముఖం పెట్టి.

భువన నవ్వు ఆపుకుని తన ఫోన్‌ను అతని ఫోన్ పక్కకు జరిపింది. కెలవరపల్లి డ్యామ్ దగ్గర ఆమె తండ్రి రామచంద్రప్పకు గులాబీ తోట ఉంది. వారం వారం వచ్చి ఆ తోటలో డ్రిప్ పైపులు చూసిపోవడం, హోసూరు కంపెనీలో మెకానిక్‌గా ఉదయ్ పని.

వెళ్లకుండానే వెళ్లొచ్చామని చెప్పే మహానుభావులు ఎక్కువై, కంపెనీ ఒక బ్లాక్‌చెయిన్ యాప్ తెచ్చింది. మెకానిక్ ఫోనూ తోటవాళ్ల ఫోనూ పక్కపక్కన ఉంటేనే ఒకదానికొకటి డిజిటల్ సంతకం చేస్తాయి. 'ఇతను ఇక్కడికి వచ్చాడు' అన్న ఆ రుజువును తర్వాత ఎవరూ చెరపలేరు. అన్ని తోటల రుజువుల నకలు, పట్టిన సమయంతో సహా, సాక్షి చెప్పిన ప్రతి ఫోన్‌లోనూ ఉంటుంది మరి.

సంతకానికి పట్టేది అర నిమిషం. ఉదయ్ భువనకు నలభై నిమిషాలని చెప్పాడు. మూడు నెలలుగా అదే చెబుతున్నాడు. ప్రేమ గుడ్డిదంటారు, ఉదయ్ ప్రేమకు గడియారం కూడా కనిపించలేదు.

ఆ అబద్ధమే ఇప్పుడు మెడకు చుట్టుకుంది. ఒక్క తోటలో అంతసేపేమిటని కంపెనీ రేపటి నుంచి ఈ రూటును ధనశేఖర్ అనే ఇంకో మెకానిక్‌కు ఇచ్చేసింది. మనసులో మాట ఈ రోజు చెప్పకపోతే ఇక చెప్పేదెప్పుడు? చినుకులు మొదలైతే ఇద్దరూ పంపు షెడ్డు చూరు కిందికి జరిగారు.

"రేపట్నుంచి ధనశేఖర్ వస్తాడు," అన్నాడు నీరసంగా.

"ఆయప్పతో కూడా నలభై నిమిషాలు కూర్చోవాలా?"

"వద్దొద్దు. ఆయప్పది కొత్త ఫోను. అర నిమిషం చాలు."

"అంచెట్టిలో లింగప్ప తోటకు పోయినప్పుడు నీదీ కొత్త ఫోనేనా? ఆడ అర నిమిషంలోనే అయిపోయిందే."

ఉదయ్ గబుక్కున తన ఫోన్ తీసి జేబులో పెట్టుకున్నాడు.

"నకలు నా ఫోన్లోనూ ఉండాది కదప్పా. మొదటి వారమే చూసినాను."

"మొదటి వారమేనా? మరి మూడు నెలలు ఎందుకు కూర్చున్నావు?"

భువన వాన వైపు తిరిగింది. "నాకేం తెలుసు? ఫోను నమ్మలేదని నువ్వే కదా చెప్పినావు."

ఆ మాటతో అతనికి ఎక్కడలేని ధైర్యం వచ్చింది. "నువ్వంటే నాకు ప్రాణం, భువనా. నన్ను పెండ్లి చేసుకుంటావా?"

"ఆ మాట కూడా యాప్‌లో పెట్టు. రేపు కాదంటే ఎట్ల?"

"నకలు నా ఫోన్లో కూడా ఉండాది," అన్న గొంతు వినబడి ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. రామచంద్రప్ప గొడుగు పట్టుకుని షెడ్డు పక్కనే నిలబడి ఉన్నాడు. "మొదటి రోజు సాక్షి చెప్పింది నేనే, మరిచిపోయినారా?"

"తప్పైపోయింది సార్," అన్నాడు ఉదయ్ తల వంచుకుని.

"పైపుల పని ధనశేఖర్ చూసుకుంటాడులే. ఆదివారం కావేరిపట్టణం నుంచి మీ అమ్మానాయనల్ని పిలుచుకొని రా. యాప్ వద్దు. సాక్షికి మా చుట్టాలు ఇరవై మంది ఉంటారు."

ఆయన వెళ్లాక కూడా ఉదయ్ తేరుకోలేదు.

"ఎన్నింటికి వస్తావు?" భువన అడిగింది.

"పొద్దున ఆరింటికే."

"పదింటికి రాప్పా. నేను చీర కట్టుకోవద్దా?"