ఆనకట్ట ప్లాను

రిటైర్డ్ ఇంజనీరు వాలుకుర్చీలో పేపరు చదువుతున్నట్టే ఉన్నాడు. మనిషి పోయి గంట దాటిందని, కాఫీ కప్పు తియ్యడానికొచ్చేదాకా కోడలికి తెలియలేదు.

చీఫ్ ఆయన ఫొటోని డేగ ముందుకు తోశాడు. డేగ అంటే మన ఏజెంటు. పేరు చూసి మరీ ఆశలు పెట్టుకోకండి.

"ఆనకట్ట కింద పాత సొరంగం ఉంది. కట్టేటప్పుడు నీళ్లు మళ్లించడానికి తవ్వి, తర్వాత మూసేశారు. ఎక్కడుందో తెలిసినవాడు ఈయనొక్కడే."

"ప్లాను?"

"ఆఫీసు కాపీ ఎప్పుడో తగలబడింది. ఇంకోటి వీళ్లింట్లో ఉండేది. పాత కాగితాలన్నిటితో పాటు యూనివర్సిటీ లైబ్రరీకి ఇచ్చేశారు. స్పెషల్ కలెక్షన్స్, ప్రాంతీయ చరిత్ర విభాగం. విదేశీ ముఠా పేలుడు సామాను సిద్ధం చేసుకుని దానికోసమే కాచుక్కూచుంది. ఈ సాయంత్రం వాళ్ల చేతికందిందా, రేపటికి ఆనకట్ట ఉండదు."

ఆనకట్ట దిగువన మొదటి వరసలో ఇల్లు డేగ అక్కది. అమ్మ పోయాక వీణ్ణి ఎత్తుకుని పెంచింది ఆవిడే.

"దిగువ జనాన్ని ఖాళీ చేయిద్దాం సర్."

"మనకు తెలిసిపోయిందని వాళ్లకు అర్థమైతే ఆ క్షణమే మాయమవుతారు. ఎవరికీ చెప్పకూడదు. మీ అక్కకీ అంతే. నీతో నెమలి వస్తుంది."

నెమలి ఆ డిపార్ట్‌మెంట్‌కే అందగత్తె. తెలివిలోనూ ఎవరికీ తీసిపోదు. ఆమె నవ్వితే చీఫ్ కూడా ఫైలు తలకిందులుగా పట్టుకునేవాడు.

నెరిసిన గడ్డం అంటించుకుని డేగ హిస్టరీ ప్రొఫెసరయ్యాడు. నెమలి శిష్యురాలైంది. లైబ్రరీ గేటు దగ్గర మెటల్ డిటెక్టర్ పుణ్యమా అని రివాల్వరు, కెమెరా లైటరు, మైక్రోఫోను గుండీ అన్నీ కారులోనే వదిలెయ్యాల్సి వచ్చింది. చేతులూపుకుంటూ లోపలికెళ్లాడు మన వీరుడు.

లైబ్రేరియన్ కళ్లజోడు సర్దుకుంది. "ఆ కుటుంబం పెట్టెలింకా కేటలాగ్ చెయ్యలేదండీ. పెళ్లి ఫొటోలు, ఉత్తరాలు, మ్యాపులు, పాలవాడి చీటీలు, అన్నీ కలిసిపోయి ఉన్నాయి. మీరే వెళ్లి వెతుక్కోండి. మూసేముందు నేనొచ్చి చూస్తాను."

లోపల రోలింగ్ ర్యాకులు. స్థలం కలిసొస్తుందని ఇనప ర్యాకులన్నీ పట్టాల మీద ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. చక్రం తిప్పితే అవి జరిగి, ఒక మనిషి పట్టేంత సందు తెరుచుకుంటుంది. మొత్తం గదికి ఆ ఒక్క సందే. ఇంకోటి తెరవాలంటే ఇది మూసుకోవాలి.

"మీరీ వరస చూడండి," అని నెమలి ఒక సందు తెరిచింది. డేగ దూరాడు. పెట్టె తరవాత పెట్టె విప్పాడు. రాళ్లు మోస్తున్న కూలీల ఫొటోలు, ఎవరివో బారసాల కార్డులు తప్ప సొరంగం ఊసే లేదు. ఇంతలో ర్యాకు కదిలింది.

"ఇదిగో, నేను లోపలున్నాను!"

"తెలుసు గురువుగారూ. నిన్న ఇంజనీరు గారితో కాఫీ తాగింది కూడా నేనే. ప్లాను ఏ పెట్టెలో ఉందో ఆయనే చెప్పాడు, పాపం."

ర్యాకు రొమ్ముకి ఆనింది. వీపు వెనక ఇంకోటి. డేగ కేకేశాడు. అన్ని కాగితాల మధ్య కేక ఎంత దూరం పోతుంది? నెమలి రెండు వరసల అవతల తనకు కావలసిన సందు దగ్గరికెళ్లింది. అది నాలుగు వేళ్ల మందమే తెరుచుకుంది. చెయ్యి దూరింది, పెట్టె తగిలింది, బయటికి మాత్రం రాలేదు. డేగ ఇక్కడ నలిగినంతసేపూ అక్కడ చోటు పుట్టదు. నలిపేద్దామన్న తొందరలో ఆ సంగతే మరిచిపోయింది మహాతల్లి!

"బయటికి రండి. ఏమీ చెయ్యను."

"చస్తే రాను."

నెమలి ప్లాస్టిక్ లిప్‌స్టిక్ తీసి నొక్కింది. సన్నటి సూది డేగ మెడలో దిగింది. కాళ్లూ చేతులూ చచ్చుబడ్డాయి, నోరు పడిపోయింది. తెలివి మాత్రం నిక్షేపంగా ఉంది, అదే శాపం. ఆమె చక్రం వెనక్కి తిప్పగానే బస్తాలా కూలబడ్డాడు. కాలర్ పట్టుకుని ఈడవసాగింది. హై హీల్స్ నున్నటి నేల మీద జారుతున్నాయి. డేగ చెయ్యగలిగిందల్లా బరువుగా ఉండటమే.

ఈపాటికి అక్క దండెం మీది బట్టలు తీస్తూ ఉంటుంది. పారిపో అక్కా అని అరవాలనుంది. నాలుక కదల్లేదు. ఏడుపొచ్చింది. దానికీ చప్పుడు లేదు.

ఒక్క కాలు తప్ప మనిషంతా బయటికొచ్చాడు. నెమలి ఓపిక అయిపోయింది.

"కాలేగా!" అంటూ చక్రం గిర్రున తిప్పింది.

ఎముక విరిగిన శబ్దం డేగకి స్పష్టంగా వినిపించింది. అవతలి సందు ఇప్పుడు జానెడు తెరుచుకుంది. నెమలి భుజం దాకా దూర్చి, పెట్టె మూత చింపి, చుట్టిన ప్లాను పట్టుకుంది. లాగుతోంది. వస్తోంది. వచ్చేసింది దాదాపు!

"అయ్యయ్యో! ప్రొఫెసర్ గారి కాలు!"

మూసేముందు చూడటానికొచ్చిన లైబ్రేరియన్ ఒక్క ఉదుటున చక్రం దగ్గరికి దూకి, ఆ కాలు విడిపించాలని వెనక్కి తిప్పింది. ఇవతలి సందు తెరుచుకుంది. అవతలిది నెమలి చెయ్యితో సహా మూసుకుంది.

ఆ కేక మాత్రం కాగితాలు దాటి గేటు దాకా వినిపించింది.

నెమలి నోరు విప్పడంతో రాత్రికల్లా ముఠా మొత్తం దొరికింది. చీఫ్ ఆసుపత్రికొచ్చి భుజం తట్టాడు. "నేనేం చెయ్యలేదు సర్," అన్నాడు డేగ. చీఫ్ దాన్ని వినయం అనుకున్నాడు.

తమ్ముడు ఫ్యాన్ల కంపెనీలో సేల్స్ మేనేజరని నమ్మే అక్క, కట్టు కట్టిన కాలు చూసి మండిపడింది.

"లైబ్రరీలో విరగ్గొట్టుకున్నావా? చదువు నీకెప్పుడు అచ్చొచ్చింది గనక! అసలక్కడ ఏం చేస్తున్నావురా?"

డేగ కట్టు మీదికి దుప్పటి లాక్కున్నాడు. ఆవిడ మెత్తబడి, నుదుటి మీద చెయ్యేసింది.

"సర్లే. కట్టు విప్పేదాకా మా ఇంట్లోనే ఉండు. ఆనకట్ట గాలి, హాయిగా నిద్రపడుతుంది. మా పేటలో ఎప్పుడూ ఏమీ జరగదు."