నవలతో వెళ్లని బొమ్మలు

వాకిట్లో సుప్రియ వేసిన ముగ్గును పక్కింటి దూడ తొక్కి వెళ్లింది. ఇంకొకరైతే విసుక్కునేవారేమో. కొత్త కాపురం మురిపెంలో ఉన్న సుప్రియకు అదీ ముచ్చటే. గిట్ట గుర్తు చుట్టూ నాలుగు రేకులు వేసి, పువ్వు చేసి, నవ్వుకుంటూ లోపలికి వచ్చింది.

అరుగు మీద మామగారు గోవిందప్ప రంగులు కలుపుతున్నారు. పుంగనూరు హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టారుగా పనిచేసి రిటైరైన మనిషి. కూతురు స్వర్ణ తనకు నచ్చినవాణ్ని పెళ్లాడి కుప్పం వెళ్లిపోయిన నాటి నుంచి ఆయన కుంచె ముట్టలేదు. ఇంట్లో ఆమె ఫోటో లేదు, పేరెత్తేవాళ్లూ లేరు. కొత్త కోడలు పిల్లల నవల రాస్తోందని తెలిశాకే ఆయన మళ్లీ రంగుల డబ్బా దించారు. అప్పటి నుంచి అన్నం కూడా మారు అడిగి తింటున్నారు.

"ఈ మేకపిల్లకు ఇంగొంచెం నలుపు పడాల. కథతో పాటు ఈ బొమ్మలు పోతే సూసినోళ్లు కిందపెట్టరమ్మా!"

"నిజమే మామా!" అంటుండగానే సుప్రియ ఫోనులో మెయిల్ మోగింది. విజయవాడ ప్రచురణకర్త నుంచి. మొదటి అధ్యాయాలు బాగా నచ్చాయట, నవల మొత్తం వెంటనే పంపమన్నారు. గంతేయబోయింది. అంతలో కింది వాక్యం కనబడింది. 'బొమ్మలు పంపవద్దు. చిత్రకారులను మేమే ఎంచుకుంటాం.'

మదనపల్లె బస్సుకు బయల్దేరుతున్న భర్త దినేష్‌కు ఫోను చూపించింది.

"మంచి మాటే గదా, మొగం యాల అట్ల పెట్టినావు?"

"మామకెట్ల చెప్పేది? ఇప్పుడిప్పుడే నవ్వుతాండారు."

"చెప్పొద్దు. కథ ఒకటే పంపించు. వాళ్లు ఒప్పుకున్నాక నేనే నిదానంగా చెప్తా."

సుప్రియ కథ పంపింది. రాసిన నవల పూర్తిగా పంపిన రోజు ఎంత సంబరపడాలి! ఫోను బోర్లా పెట్టేసి, అరుగు వైపు చూడకుండా వంటింట్లోకి వెళ్లింది.

మధ్యాహ్నం గోవిందప్ప ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, బొమ్మలు చుట్ట చుట్టుకుని వచ్చారు. "పదమ్మా, వీటిని స్కాన్ చేయించుకోనొస్తాం."

ఇక దాచలేకపోయింది. "మామా, కథ పొద్దున్నే పంపించేసినా. వాళ్లు బొమ్మలు వద్దన్నారు."

ఆయన మొహం నల్లబడింది. "వద్దనింది వాళ్లా, నువ్వా?"

"వాళ్ల పద్ధతి అది మామా. రాసినోళ్లు రాసేదే పంపాల. బొమ్మలు ఎవరితో వేయించాలో వాళ్లు చూసుకుంటారు."

"పిల్లోళ్ల పుస్తకానికి బొమ్మలిస్తే నేరమా? ఒక మాట అడగాల్సింది. ముసిలోడు పిచ్చిగీతలు గీస్తాండాడని మొగుడూ పెళ్లాలూ నవ్వుకుంటిరా?"

ఆ మాటకు సుప్రియకు రోషం వచ్చింది. "మీరు గీసింది నా కథలో పాపేనా మామా? నా చిట్టి కుడిచేత్తో రాస్తాది. మీ బొమ్మల్లో అంతా ఎడంచెయ్యే! గడ్డం మీద ఆ సొట్ట యాడ్నించి వచ్చింది? నేను రాయలేదే!"

గోవిందప్ప చుట్టను కింద పెట్టేశారు. వంటింట్లోంచి అత్తగారు పాపక్క చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. ఇన్నాళ్లూ ఆయన తనకు చూపించని బొమ్మలను ఒక్కొక్కటే విప్పింది. చూస్తూ చూస్తూ నేల మీద కూలబడింది.

"చిట్టి యాడిది సుప్రియా? ఇది నా స్వర్ణ."

గోవిందప్ప ఆమె పక్కనే చతికిలబడ్డారు. "పుస్తకం అచ్చయితే యాడో ఒక అంగట్లో దాని కంటబడతాది గదా అనుకున్నా. సూసి గుర్తుపడతాది. నాయన మరిసిపోలేదని తెలుసుకుంటాది. నోటితో చెప్పే మొగం నాకు లేదు."

సుప్రియ కళ్లు నిండాయి. ఇప్పటిదాకా ఈ బొమ్మలు తన పుస్తకానికి అలంకారమనే అనుకుంది. ఆయన వాటిని తన కోసం గీయనే లేదు. కోపం రాలేదు. ఇంత తెలియక ఎంత మాటనేశానా అని మాత్రం మనసు చివుక్కుమంది.

"పుస్తకం వచ్చేదాకా ఎందుకు మామా? కుప్పానికి బస్సు లేదా?"

"రానిస్తాదా?"

"రానీకపోతే వాకిట్లోనే నిలబడతాం. లేయండి," అంది పాపక్క, అప్పటికే చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ.

పలమనేరులో బస్సు మారారు. వి.కోట దాటినా గోవిందప్ప బొమ్మల చుట్టను ఒళ్లోంచి దించలేదు. కుప్పంలో ఎవరినో అడిగి, ఇల్లు కనుక్కుని, తలుపు తట్టింది సుప్రియే. తెరిచిన స్వర్ణ తండ్రిని చూసి కొయ్యబారిపోయింది. ఆయన బొమ్మల చుట్టను రెండు చేతులా ముందుకు చాచారు. ఏదో చెప్పబోయారు.

స్వర్ణ ఆ చుట్టను అందుకుని, విప్పకుండానే పక్కనున్న కిటికీలో పెట్టేసింది. ఖాళీ అయిన ఆయన చేతులు రెండూ పట్టుకుంది.

"ఎంత చిక్కిపోయినావు నాయనా! ముందు లోపలికి రా."