చార్టులో లేని సైగ

గాజు పలకల కట్ట తొమ్మిదో అంతస్తు ఎత్తున గాలిలో ఆగిపోయింది. కింద ఉన్నవాళ్ళంతా మెడలెత్తి చూశారు. పలకలు కదలవు, క్రేను కదలదు. వాకీటాకీలో మాత్రం ఒక ఆడగొంతు పలికింది.

"కిందున్నాయనగారూ, మీ ఎడమచెయ్యి ఏదో అంటోంది. ఏంటది?"

కిందనుంచి చేతి సైగలతో క్రేనుకి దారి చూపే కుర్రవాడు, సైటులో అందరూ సైగల బాబు అని పిలిచేవాడు, తన చేతిని తానే చూసుకున్నాడు. మధ్యవేలు చూపుడువేలి మీదికెక్కి కూర్చుని ఉంది. చిన్నప్పటి అలవాటు. బరువు లేచిన ప్రతిసారీ ఆ చెయ్యి వీపు వెనక దాచుకుని, అంతా సవ్యంగా జరగాలని కోరుకుంటాడు. ఇవాళ ముక్కు దురద పెట్టడంతో చెయ్యి ముందుకొచ్చి అక్కడే ఉండిపోయింది.

"అది సైగ కాదండీ," అన్నాడు.

"సైగ కాకపోతే చెయ్యెందుకు లేపారు? నా సైగల చార్టులో అది లేదు. అర్థం కాని సైగ కనపడితే ఆపేయాలి. రూలు!"

ఆ వాకీటాకీ మాట సైటులో పదిహేనుమంది చెవుల్లో పడుతుంది. పదిహేనుమందీ నవ్వారు. మేస్త్రీ ఒక్కడే నవ్వలేదు.

"ఏరా, కూలీ ఇచ్చేది సైగలు చెయ్యడానికా, వేళ్ళతో జడలల్లడానికా?"

పలకలు క్షేమంగా దిగాయి. సైగల బాబు పరువు మాత్రం దిగలేదు, పైనే వేలాడుతూ ఉండిపోయింది.

మధ్యాహ్నం ఆ గొంతు మనిషి, క్రేను నడిపే క్రేన్ మేడమ్, కిందికి దిగి వచ్చింది. ఆవిడ అన్నం డబ్బా ఎప్పుడూ పై క్యాబిన్‌లోనే ఖాళీ అవుతుంది. రెండువందల పన్నెండు మెట్లు దిగి వచ్చిందంటే ఆషామాషీ వ్యవహారం కాదు. నాలుగు నెలలుగా అతనికి తెలిసింది ఒక హెల్మెట్, రెండు పసుపు గ్లోవ్స్, ఒక గొంతు. ఇప్పుడు ఎదురుగా పెద్ద కళ్ళు, కోపంతో ముడిపడ్డ కనుబొమలు కూడా ఉన్నాయి. అన్నం ముద్ద చేతిలోనే ఆగిపోయింది.

"ఫోన్‌లో వెతికాను. ఆ బొమ్మ ఎమోజీల్లో ఉంది. కొన్ని దేశాల్లో అది బూతట!"

"అయ్యయ్యో, లేదండీ! కలిసి రావాలని కోరుకోవడమండీ. అదృష్టం కోసం."

ఆ మాటతో కోపం తగ్గుతుందనుకున్నాడు. రెట్టింపయింది.

"అంటే ఆరేళ్ళుగా క్రేను నడుపుతున్న నా చేతి మీద నమ్మకం లేక, అదృష్టం మీద భారం వేశారన్నమాట!"

"మీ చెయ్యి బంగారమండీ. నమ్మకం లేనిది నా చేతి మీదే. నేను వేలు ఒక్క అంగుళం తప్పు చూపిస్తే, మీరు తప్పకుండా అటే తిప్పుతారు. నన్నంత నమ్ముతారు మీరు. భయం అందుకే."

ఆవిడ కనుబొమల ముడి విడింది.

"ఇకమీదట అది నాకు కనపడకూడదు," అని వెళ్ళబోయి, వెనక్కి తిరిగింది. "మీ నంబరివ్వండి. ఏదైనా సైగ అర్థం కాకపోతే అడగాలి కదా."

అర్థం కాని సైగలు ఆ నెలలో చాలా వచ్చాయి. సాయంత్రం ఆరయ్యేసరికి ఫోన్‌లో ప్రశ్న. "ఈరోజు నాలుగింటికి తల గోక్కున్నారు, దాని అర్థం?" "పేలండీ." "ఛీ!" ఆ ఛీ చూసుకుని అతను రాత్రి భోజనంలో రెండుసార్లు పెరుగు వేసుకున్నాడు.

లైబ్రరీలో పనిచేసే అక్క ఇది గమనించకుండా ఉంటుందా?

"ఎవర్రా ఆ అమ్మాయి?"

"ఎవరూ లేరక్కా. వేళ్ళ గురించి మాట్లాడుకుంటాం."

"పెళ్ళీడొచ్చినవాడివి, వేళ్ళ గురించా!" అక్క నెత్తి కొట్టుకుంది. "సరే విను. నీ వేళ్ళ గురించే ఒక పుస్తకంలో చదివాను. పూర్వం కొన్ని దేశాల్లో అది ఒక్కరు చేసే పని కాదట. ఒకరు చూపుడువేలు చాపితే, ఇంకొకరు తమ వేలు దానిమీద అడ్డంగా పెట్టేవారట. శిలువలాగా. ఆ రెండు వేళ్ళూ కలిసిన చోట కోరిక నిలుస్తుందని నమ్మకం. రానురానూ తోడు దొరకనివాళ్ళు రెండు వేళ్ళూ తమవే పెట్టుకోవడం మొదలెట్టారట. నిజంగా ఎలా పుట్టిందో ఎవరికీ తెలీదనుకో. కానీ ఈ కథ బావుంది కదూ?"

అతనికి ఆ కథ బాగానే ఎక్కింది. చిన్నప్పట్నుంచీ తన చెయ్యి ఒంటరిగా ఎంత తిప్పలు పడిందో అర్థమైంది.

అంతలో పిడుగులాంటి వార్త. భవనం పూర్తయింది. శనివారం క్రేను విప్పేస్తారు. క్రేనుతో పాటు మేడమ్ కూడా ఇంకో ఊరి సైటుకి వెళ్ళిపోతుంది. వారం రోజులు అతను మెసేజ్ టైపు చేశాడు, చెరిపాడు. నోటితో చెబుదామంటే వాకీటాకీలో పదిహేనుమంది ఉన్నారు. ఇప్పుడు చెప్పకపోతే ఇక ఎప్పుడూ లేదని తెలుసు.

శుక్రవారం చివరి బరువు లేచింది. డాబా మీదికి నీళ్ళ ట్యాంకు. అంగుళం కూడా తప్పకుండా దిగింది. డాబా మీదివాళ్ళు కొక్కెం విప్పాక, దాన్ని ఖాళీగా పైకి పంపి, చేతులు అడ్డంగా చాపి పని ముగిసిందని చూపించాడు. అది చార్టులో ఉన్న ఆఖరి సైగ.

తర్వాత మెల్లగా కుడిచెయ్యి ముందుకు చాపి, చూపుడువేలు ఒక్కటే తెరిచి ఉంచాడు.

వాకీటాకీ గురగురమంది. "కిందున్నాయనగారూ, ఇది నా చార్టులో లేదు."

"సగమే ఉందండీ అది. మిగతా సగం నా దగ్గర లేదు."

పదిహేనుమందిలో ఒక్కరూ నవ్వలేదు. పైన ఇంజను చప్పుడు ఆగింది.

"ఆపేశాను. రూలు," అంది గొంతు.

రెండువందల పన్నెండు మెట్లు దిగడానికి ఎంతసేపు పడుతుందో అతనికి అప్పుడు తెలిసింది. సన్నగా తుంపర మొదలైంది. చాపిన వేలు మడవలేదు. ఆవిడ వచ్చి ఎదురుగా నిలబడింది.

అక్క చెప్పిన కథంతా గడగడా అప్పజెప్పేశాడు. "రెండోది మీది కావాలని... అంటే, మీరు వెళ్ళిపోతే నాకు బాగోదండీ. మీరంటే నాకిష్టం." అంత పొడుగు కథకి చివర అంత చిన్న మాట.

ఆవిడ నెమ్మదిగా పసుపు గ్లోవ్ తీసింది. తల దించుకునే అంది.

"మిమ్మల్ని తిట్టి పైకెక్కిన రోజు సాయంత్రం పెద్ద దూలం ఎత్తాం, గుర్తుందా? మీ ఎడమచెయ్యి జేబులో పెట్టేసుకున్నారు. నాకేమో గుండె దడ. ఆ రోజు నుంచీ ఖాళీగా ఉన్న చేత్తో, పైన నేనే వేళ్ళు పెనవేసుకుంటున్నాను."

"మీరా! రోజూనా?"

"ప్రతి బరువుకీ. ఒక్కదాన్నే." తన చూపుడువేలు అతని వేలి మీద అడ్డంగా పెట్టింది. "కొత్త సైటులో కింద సైగలు చేసే మనిషి ఇంకా దొరకలేదట. నేను పరాయి చెయ్యి చూసి బరువెత్తను. మేస్త్రీతో మాట్లాడతారా, నన్నే మాట్లాడమంటారా?"

వాకీటాకీ మీటలు ఎవరూ నొక్కలేదు. అయినా పరంజా వెనక నిలబడి అంతా విన్న మేస్త్రీ అక్కణ్ణుంచే అరిచాడు. "నాతో ఎవరూ మాట్లాడక్కర్లేదు! వాణ్ణి తీసుకుపోమ్మా, పుణ్యముంటుంది!"

తుంపరలో తడుస్తున్న రెండు వేళ్ళకి ఫోటో తీసి అక్కకి పంపాడు. నిమిషంలో జవాబొచ్చింది.

"పై వేలి గోరు శుభ్రంగా ఉంది, అది నీది కాదు. ఆదివారం భోజనానికి తీసుకురా."