శూలం పట్టిన దొరసాని

పూజగూట్లో, గన్నేరు పూల కింద దొరికింది టోకెన్.

"చూసితిరి గదా సార్! నా ఇంట్లో తిని నా ఇంట్లోనే దొంగతనం!"

లక్ష్మణసామి నాయకర్ అరుపుకి కోవిల్‌పట్టి సబ్-ఇన్‌స్పెక్టర్ సుబ్బురాజ్ చెవులు గింగురుమన్నాయి. 1934, ఒక శుక్రవారం, ఉదయం పదకొండు.

నాయకర్‌కి దొరల దేశపు పాత రాగి టోకెన్లూ, మెడల్సూ పోగుచేసే పిచ్చి. ఇంగ్లండులో కంపెనీలు నూరేళ్ళకు పైగా కిందట చిల్లర కాసులకు బదులు కొట్టించిన బిళ్ళలవి. వాటిలో అరుదైనది, శూలం పట్టిన బ్రిటానియా దొరసాని బొమ్మ ఉన్న టోకెన్‌ని చూడటానికి విరుదునగర్ నుంచి అదే పిచ్చి ఉన్న మిరపకాయల వ్యాపారి శంకరనారాయణన్ పొద్దున రైల్లో వచ్చాడు. ఆయన ముందే పెట్టె తెరిస్తే టోకెన్ లేదు. ఇల్లంతా గాలిస్తే నాయకర్ చనిపోయిన తమ్ముడి భార్య పెరియనాయగి గదిలో బయటపడింది.

"తాళం పగలగొట్టారా?"

"లేదు సార్. తాళంచెవి నా తలగడ కింద. ఇంట్లోదానికి తెలీదా?"

"ఈమెకెందుకు ఇది?"

"శూలం పట్టుకున్న ఆడది గదా దాని మీద! అమ్మవారనుకొనింది. పూలు పెట్టి మొక్కతా ఉండాది."

ఆ బావామరదళ్ళ మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది.

"నేను తీయలే సార్," అంది పెరియనాయగి. "నా ఏడెకరాల బూమి మీద ఈయన కన్ను. రాసిస్తే కేసు వద్దంట. లేదంటే జైలంట!"

సుబ్బురాజ్ గూట్లోకి వంగి చూశాడు. దీపం కుందె, చెంబు, హారతి పళ్ళెం తళతళలాడుతున్నాయి. టోకెన్ మాత్రం నల్లగా ఉంది.

"ఇవి ఎప్పుడు తోమితివమ్మా?"

"తెల్లారి. ప్రతి శుక్రవారం తోమతాను."

సుబ్బురాజ్ చింతపండు తెప్పించాడు. అందరినీ వసారాలో నిలబెట్టి, టోకెన్ ఆమె చేతిలో పెట్టాడు.

"తోము."

"వొద్దే! రుద్దకే! పాడైపోతాది!"

ఒక్క గెంతు గెంతాడు నాయకర్. కానిస్టేబుల్ రెక్క పట్టుకుని ఆపాడు.

"అమ్మవారనుకునుంటే, పూలు పెట్టే ముందు చింతపండుతో తోమేది," అన్నాడు సుబ్బురాజ్. "మన ఆడవాళ్ళు తోమని రాగిని పూజలో పెడతారా? ఆ నలుపు పోతే విలువ పోతుందని తెలిసినవాడే దీన్ని ఇక్కడ పెట్టాడు. తోమడానికి వాడికి చెయ్యి రాలేదు. విరుదునగర్ అయ్య రైలు దిగినప్పట్నుంచీ మీ పక్కనే ఉన్నారు. ఇక మిగిలింది ఎవరు నాయకర్?"

శంకరనారాయణన్ ఛీకొట్టి గుమ్మం దిగిపోయాడు.

"ఇక ఇచ్చెయ్యమ్మా."

పెరియనాయగి ఇవ్వలేదు. చింతపండు పిండి, రెండు చేతులా రుద్దటం మొదలెట్టింది. ఆపవలసిన సుబ్బురాజ్ మీసం సవరించుకుంటూ వీధి వైపు చూశాడు. రాగి ఎర్రగా తేలుతుంటే నాయకర్ నేల మీద కూలబడి భోరుమన్నాడు.

ఏనాడూ ఆయన్ని మీరు తప్ప అనని పెరియనాయగి, మొదటిసారి నువ్వు అంది.

"నీ తమ్ముడు చచ్చిననాడు కూడా ఇట్ట ఏడవలేదే బావా నువ్వు!"